హాజ్మా గోలీ



మాజూన్ అనే మాట మన ఇళ్లలో రెండు రకాలుగా బతికింది. ఒకటి యునానీ దవాఖానా మాజూన్. తేనెలోనో చక్కెర పాకంలోనో జడీబూటీల పొడి కలిపి ముద్దగా చేసిన దవా. మా నానీ అలమారాలో మాజూన్ సూరంజాన్ సీసా ఎప్పుడూ ఉండేది, ఆమె మోకాళ్ల కోసం. పిల్లలం దొంగతనంగా వేలు పెట్టి నాకి, చేదుకి మొహం వికారంగా పెట్టేవాళ్లం. ఇంకో మాజూన్ గురించి పెద్దలు మా ముందు మాట్లాడేవాళ్లు కాదు. భంగాకు నేతిలో వేయించి, పాకం పట్టి, మసాలా కలిపి బిళ్లలుగా కోసే నషా మిఠాయి అది. బాబర్ బాద్‌షా తన జ్ఞాపకాల్లో పదేపదే రాసుకున్నది ఈ రెండో మాజూన్ గురించే. 1527లో ఖాన్వా జంగ్‌కి ముందు ఆయన షరాబ్‌కి తౌబా చేశాడు, బంగారు వెండి పాత్రలు పగలగొట్టించాడు. మాజూన్ మాత్రం వదల్లేదు. తాగేదాన్ని పాపమనుకున్న మనిషి, తినేదాన్ని మిఠాయి లెక్కలో ఉంచుకున్నాడన్న మాట. ఈ లెక్క మన ఖాందాన్లలో ఇప్పటికీ పోలేదు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. యునానీ నుస్ఖాల్లో కొన్నింటిలో భంగ్ ఉన్న మాట నిజమే, అక్కడ దాని పేరు కిన్నబ్. కానీ మన ఇళ్లలో మామూలుగా తిరిగే సూరంజాన్, ఫలాసఫా లాంటి మాజూన్లలో అది లేదు. మీ అమ్మీ సీసా చూసి ఘబ్రా పడకండి.

మాది రావులపాలెం. గౌతమి వంతెన దిగగానే కోనసీమలోకి అడుగు పెట్టే ఊరు. హైవే మీద వెళ్లే ఎవరికైనా మా ఊరంటే అరటి మార్కెటే. తెల్లారేసరికి సైకిళ్ల మీద, ఆటోల మీద, ట్రాక్టర్ల మీద గెలలు దిగుతాయి. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి, బొంత. మధ్యాహ్నానికి లారీలకెక్కుతాయి. ఒడిశా వెళ్తాయి, బీహార్ వెళ్తాయి, ఇంకా పైకీ వెళ్తాయి. గెలలతో వెళ్లిన లారీ తిరిగొచ్చేటప్పుడు డ్రైవర్ జేబులో ఏదో ఒకటి వస్తుంది. ఒకప్పుడు పిల్లలకు పేఠా మిఠాయి, ఆడవాళ్లకు గాజులు. ఇప్పుడు కొన్నేళ్లుగా ఇంకోటి కూడా వస్తోంది. నల్లగా, మెత్తగా, రేకు కాగితంలో చుట్టిన గోలీ. పైన హిందీ అక్షరాలు, ఆయుర్వేదం అని, హాజ్మా కోసమని. పేరులో మునక్కా అని ఉంటుంది. మునక్కా అంటే మనకు ఎండు ద్రాక్షే కదా, జ్వరమొస్తే నానబెట్టి ఇచ్చేది. ఉత్తరాదిలో పాన్ దుకాణంలో, కిరాణా కొట్టులో చాక్లెట్ల డబ్బా పక్కనే ఉండే సరుకు ఇది. కొన్న డ్రైవర్లలో సగం మందికి అందులో ఏముందో తెలుసు. మిగతా సగానికి తెలియదు, లేదా తెలుసుకోవాలని లేదు.

మూడేళ్ల కిందట మా ఖాందాన్‌లో ఒక వలీమా అయింది. ఆ రాత్రి మా మామూ కడుపు నిండా పలావు, దాల్చా, గోష్త్ తిన్నారు. మామూకి అప్పటికి యాభై ఎనిమిదేళ్లు, బీపీ బిళ్ల వేసుకునే మనిషి. జీవితంలో బీడీ కూడా ముట్టలేదు, తాగుడు మాట చెప్పనే అక్కర్లేదు. కడుపు బరువుగా ఉందంటే, పాత పరిచయమున్న లారీ డ్రైవర్ ఒకాయన ఆరు గోలీలున్న పట్టీ చేతిలో పెట్టాడు. ‘రెండేసుకోండి సాబ్, గ్యాసంతా దిగిపోద్ది’ అన్నాడట. పది గంటలకు మామూ రెండు వేసుకున్నారు. నలభై నిమిషాలు చూశారు. ఏమీ కాలేదు, కడుపు అలాగే ఉంది. ఇంకో రెండు వేసుకున్నారు.

పన్నెండు దాటాక ముమానీ కేకతో అందరం లేచాం. మామూ మంచం మీద కూర్చుని రెండు చేతులతో అంచు పట్టుకుని ఉన్నారు, పడవలో కూర్చున్నట్టు. కాళ్లు ఉన్నాయో లేదో తెలియడం లేదన్నారు. గోడలు దగ్గరకొస్తున్నాయన్నారు. గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందంటే బనీను మీద కనపడుతోంది. ‘టైమెంతయింది?’ అని అడిగారు. పన్నెండున్నర అన్నాను. రెండు నిమిషాలాగి, ఒక గంట గడిచిపోయినట్టు మళ్లీ అదే అడిగారు. తర్వాత కలిమా చదవడం మొదలెట్టారు. కలిమాకీ కలిమాకీ మధ్య, గెలల తాలూకు కిరాయి బాకీలు ఎవరెవరు ఎంతెంత ఇవ్వాలో కొడుకులకు చెప్పడం మొదలెట్టారు. పైసాతో సహా చెప్పారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రాత్రి ఆ లెక్కలు వింటుంటే ముమానీ గోడకి తల బాదుకుంది.

ఎవరో నజర్ అన్నారు. వలీమాకి వచ్చిన జనంలో ఎవరి కన్నో పడిందని మిరపకాయలు తెచ్చారు. ఒక ఫూఫీ సాయా అంది. మా ఆయన మాత్రం ఇది గుండెపోటని కారు తీశారు. హైవే పక్కనున్న ఒక నర్సింగ్‌హోమ్‌కి తీసుకెళ్లాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ ‘ఏం తిన్నారండీ?’ అని అడిగాడు. వలీమా భోజనం అన్నాం. ‘ఏమైనా తాగారా?’ అన్నాడు. ఆ మాటకి మా వాళ్ల మొహాలు చూడాలి. ‘మా ఇంట్లో అలాంటి అలవాట్లు లేవు’ అని పెద్దల్లో ఒకరు గట్టిగానే అన్నారు. డాక్టర్ ఊరుకున్నాడు. ఈసీజీ తీశాడు, నాలుక కింద బిళ్ల పెట్టాలా వద్దా అని ఆలోచించాడు, రాజమండ్రి తీసుకెళ్లడానికి అంబులెన్స్ చెప్పమన్నాడు.

డ్రైవర్ గోలీల సంగతి మా ఇంట్లో ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరూ అప్పుడు నోరు విప్పలేదు. వాళ్లను నేనేమీ అనను. నలుగురిలో ఇజ్జత్ అనేది మనవాళ్ల గొంతు ఎలా పట్టుకుంటుందో అందరికీ తెలుసు. చివరికి ముమానీయే ఇంటికి ఫోన్ చేసి, విప్పిన కుర్తా జేబులో వెతకమని కోడలికి చెప్పింది. నాలుగు ఖాళీ రేకులు దొరికాయి. కోడలు ఫొటో తీసి పంపింది. డాక్టర్ ఫొటో చూసి, ‘ఇది భంగు గోలీ అండీ, ముందే చెబితే ఇంత హైరానా ఉండేది కాదు కదా’ అన్నాడు. అతని భుజాలు దిగడం నాకు కనపడింది. షుగర్ చూశాడు, బీపీ చూశాడు, సెలైన్ పెట్టాడు, లైటు ఆర్పించి మనుషుల్ని బయటికి పంపించాడు. రెండోసారి ఈసీజీ తీసి, గుండెకేమీ లేదని నిర్ధారించుకున్నాకే అంబులెన్స్ వద్దన్నాడు. దీనికి విరుగుడు మందంటూ ఏమీ లేదట. దిగేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉండటమే ఇలాజ్. మామూ మర్నాడు జోహర్ వేళకి లేచి ఛాయ్ అడిగారు.

రేకుల లెక్క నేను తర్వాత చెబుతాను. ముందు మామూకి ఎందుకలా అయిందో చెప్పాలి, ఎందుకంటే ఆ రాత్రి తర్వాత నాకు తెలిసినవాళ్లలో పదిమంది ‘రెండు గోలీలకే ఇంతా?’ అని ఆశ్చర్యపోయారు.

గంజాయి మొక్కలో నషా ఇచ్చే పదార్థం పేరు టీహెచ్‌సీ. పచ్చి ఆకులో అది పూర్తిగా తయారై ఉండదు, వేడి తగిలితేనే నషేలాగా మారుతుంది. నీళ్లలో దాదాపు కరగదు, నేతిలో, వెన్నలో, నూనెలో కరుగుతుంది. భంగ్ చేసేవాళ్లు పాలు, నెయ్యి, పొయ్యి ఎందుకు వాడతారో ఈ రెండు ముక్కల్లో ఉంది. కెమిస్ట్రీ తెలియని వంటవాళ్లు వందల ఏళ్ల కిందటే చేత్తో కనిపెట్టిన సంగతి.

పొగ పీల్చిన మనిషికి అది ఊపిరితిత్తుల నుంచి నెత్తురులోకి నిమిషాల్లో చేరుతుంది. తిన్నది అలా కాదు. కడుపు దాటి, పేగులు దాటి, ముందు కాలేయానికి వెళ్లాలి. అక్కడ కాలేయం దాన్ని ఇంకో రూపంలోకి మారుస్తుంది. ఈ కొత్త రూపం మెదడులోకి మరింత సులువుగా దూరుతుంది. అందుకే తిన్న నషా పొగ నషా కంటే వేరుగా ఉంటుందని రెండూ తెలిసినవాళ్లు చెబుతారు. అసర్ మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కడుపు నిండా పలావు ఉంటే ఇంకా ఆలస్యం. పైగా ఆ పలావులోని నెయ్యి టీహెచ్‌సీని ఎక్కువగా లోపలికి లాగుతుంది. అసలు జోరు రెండు నుంచి నాలుగు గంటల మధ్య వస్తుంది. దిగడానికి ఆరు, ఎనిమిది, ఒక్కోసారి పన్నెండు గంటలు. మత్తు బరువు మర్నాడంతా ఉండొచ్చు.

ఇప్పుడు మామూ గడియారం చూడండి. పది గంటలకి రెండు. పది నలభైకి, మొదటి రెండూ ఇంకా దారిలో ఉండగానే, ఇంకో రెండు. పన్నెండున్నరకి నాలుగూ కలిసి ఎక్కాయి.

ఇదొక్క మామూ కథే కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2014 జనవరిలో పెద్దవాళ్లకు గంజాయి సరుకు బహిరంగంగా అమ్మడం మొదలెట్టింది. ఆ మార్చిలోనే డెన్వర్‌లో 19 ఏళ్ల కుర్రాడు ఒక బిస్కెట్ విషయంలో సరిగ్గా ఇదే చేశాడు. ఆ ఒక్క బిస్కెట్‌లో 65 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ ఉంది, అంటే ఆరు మోతాదుల పైనే. మొదట ఒక ముక్క తిన్నాడు. అరగంట, గంట చూశాడు. ఏమీ కాలేదని మిగతాదంతా తినేశాడు. తర్వాత మతి తప్పి నాలుగో అంతస్తు బాల్కనీ మీద నుంచి దూకి చనిపోయాడు. అదే ఏడాది న్యూయార్క్ టైమ్స్‌లో రాసే మౌరీన్ డౌడ్ అనే పేరున్న కాలమిస్టు డెన్వర్ హోటల్ గదిలో గంజాయి చాక్లెట్ కొరికి, ఏమీ కాలేదని ఇంకాస్త కొరికి, తర్వాత గంటల తరబడి తాను చచ్చిపోయాననే అనుకుంటూ పడి ఉన్న సంగతి రాసింది. రావులపాలెం మామూ, అమెరికా పత్రికా రచయిత్రి. ఇద్దరినీ ముంచింది ఆ ‘ఏమీ కాలేదు’ అన్న మాటే.

ఆ తర్వాత అక్కడ చట్టాలు మారాయి. కొలరాడోలో ఒక మోతాదు 10 మిల్లీగ్రాములు, ఒక పొట్లంలో 100 దాటకూడదు. ఏ ముక్క ఎక్కడ విరవాలో గుర్తు ఉండాలి. కెనడాలో అయితే పొట్లం మొత్తానికే 10. కొత్తగా తినేవాళ్లు రెండున్నర మిల్లీగ్రాములతో, మహా అయితే ఐదుతో ఆగాలని అక్కడి ఆరోగ్య శాఖలు చెబుతాయి. రెండు గంటలైనా గడవకుండా రెండో ముక్క ముట్టొద్దని, షరాబ్‌తో కలపొద్దని, ఒంటరిగా ఉండగా తినొద్దని, ఆ రోజుకి బండి తాళాలు ఇంకొకరికి ఇచ్చేయమని చెబుతాయి. ఆ దేశాల్లో ఉన్న మన పిల్లలు ఏం తింటున్నారో ఏం తినడం లేదో ఇక్కడ కూర్చుని మనం కనిపెట్టలేం. వాళ్లకి ఇరవై ఒకటి దాటింది, అక్కడ అది కొట్లో దొరుకుతుంది. వాళ్లు మన మాట వినని రోజైనా ఈ మిక్దార్ మాట చెవిన పడి ఉండటం మంచిదని నా ఖయాల్.

మన దగ్గర సంగతి వేరు. ఇక్కడ దొరికే గోలీ మీద మిల్లీగ్రాముల మాటే ఉండదు. ఆకు ఎంత, పూమొగ్గ ఎంత, చరస్ ఏమైనా కలిపారా, చేసినవాడికే తెలియదు. పెద్ద గంగాళంలో కలిపిన ముద్దలో ఒక మూల చిక్కగా, ఒక మూల పలచగా ఉంటుంది. నిన్న ఒకటి తింటే ఏమీ కాలేదు కాబట్టి ఇవాళా ఏమీ కాదనుకోవడానికి లేదు. నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకే పట్టీలో ఉన్నా సరే. జాగ్రత్తగా తినాలంటే కొలత తెలియాలి. కొలతే లేని సరుకుని ఎహ్తియాత్‌తో తినడం ఎలాగో ఎవరూ చెప్పలేరు. కాబట్టి లారీలో వచ్చే గోలీ విషయంలో నా మష్వరా ఒక్కటే, పర్‌హేజ్. తెలియక తిన్నవాళ్ల కోసమే మిగతా మాటలన్నీ.

కొంతమందికి ఇది కొలతున్నా పడదు. గుండె జబ్బున్నవాళ్లకి, ఎందుకంటే ఇది గుండెని పరుగెత్తిస్తుంది. లేచి నిలబడితే బీపీ పడిపోతుంది కాబట్టి పడిపోయే భయమున్న ముసలివాళ్లకి. గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి. తనలో గానీ ఖాందాన్‌లో గానీ పిచ్చి భ్రమల జబ్బు ఉన్నవాళ్లకి, ముఖ్యంగా ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లకి. నిద్ర బిళ్లలు వేసుకునేవాళ్లకి. నెత్తురు పలచబరిచే వార్‌ఫరిన్ వాడేవాళ్లకి, ఆ మందు జోరు పెరిగి నెత్తురు ఆగని ప్రమాదం ఉంది. మన ఇళ్లలో అరవై దాటినవాళ్ల దవాల డబ్బా ఒకసారి తెరిచి చూడండి, ఈ జాబితాలోది ఏదో ఒకటి కనపడుతుంది.

రేకుల లెక్క చెబుతానన్నాను. పట్టీలో ఆరు గోలీలు. నాలుగు మామూ కడుపులో. ఐదోది జేబులోనే ఉంది. ఆరోది లేదు.

ఆ రోజు ఇంట్లో పదకొండు మంది పిల్లలు నిద్రపోతున్నారు, వలీమాకి వచ్చినవాళ్ల పిల్లలతో కలిపి. మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల దాకా. ఫొటో పంపిన కోడలే ఆరోది లేదని మొదట గమనించింది. తెల్లారుజామున మూడింటికి పిల్లల్ని ఒక్కొక్కరినీ లేపి, నోళ్లు వాసన చూసి, నాలుకలు చూసి, పేరు అడిగి మళ్లీ పడుకోబెట్టారు. ఏడ్చిన పిల్లాడిని చూసి సంతోషించారు, ఏడ్చే ఓపిక ఉంది కదా అని. ఫజర్ అయ్యాక మంచం కోడు పక్కన చాప మడతలో ఆ గోలీ దొరికింది, చుట్టూ చీమలు పట్టి. అల్‌హమ్‌దులిల్లాహ్.

పెద్దాయనకి భయం, గుండెదడ, ఒక రాత్రి నిద్ర పోవడంతో తీరిపోయిన అదే గోలీ నాలుగేళ్ల పిల్లకి ఊపిరి మందగించేలా చేయగలదు. పిల్లలకి తూగు ముంచుకొస్తుంది, నడక తడబడుతుంది, లేపినా లేవరు. ఒక్కోసారి కృత్రిమ శ్వాస పెట్టాల్సి వస్తుంది. అమెరికాలో ఆరేళ్ల లోపు పిల్లలు ఇలాంటి తినుబండారాలు తిన్న కేసులు 2017లో 207 ఉంటే 2021కి 3,054 అయ్యాయని అక్కడి పిల్లల వైద్యుల పత్రిక 2023లో అచ్చేసింది. ఎక్కువ శాతం సొంత ఇంట్లోనే తిన్నారు. కొలరాడో వాళ్లు 2017 నుంచి జంతువుల బొమ్మల్లా, పండ్లలా ఉండే గమ్మీలు చేయకూడదన్నారు, పిల్లలు మోసపోతున్నారని. మన దగ్గర అలాంటి రోకటోక్ ఏది? 2024 జనవరిలో హైదరాబాద్ శివార్లలోని కొత్తూరులో ప్రభుత్వ హైస్కూల్ పక్క పాన్ దుకాణంలో గంజాయి చాక్లెట్లు దొరికాయి. అమ్ముతున్న ఒడిశావాళ్లని పట్టుకున్నారు. తిన్న పిల్లల తీరు తేడాగా ఉందని పసిగట్టింది టీచర్లు.

పిల్ల తిన్నదని అనుమానం వస్తే చాలు, ఇంట్లో కూర్చుని చూడొద్దు. తిన్న నషా ఆలస్యంగా ఎక్కుతుందని పైన చెప్పాను కదా. పిల్ల ఆడుకుంటోందని మీరు నిశ్చింతగా ఉన్న ఆ గంటన్నరే అసలు టైము. 108కి చేయండి. వేలు పెట్టి వాంతి చేయించొద్దు, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మజ్జిగ, నిమ్మరసం, ఉప్పునీళ్లు పట్టొద్దు. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. రేకు, కాగితం, మిగిలిన ముక్క ఏదున్నా జేబులో వేసుకెళ్లండి. పెద్దవాళ్లయితే చీకటి గది, మెల్లగా మాట్లాడే మనిషి ఒకరు, ‘ఇది దిగిపోతుంది’ అని చెప్పే గొంతు. అదే చాలామందికి సరిపోతుంది. ఛాతీలో నొప్పి, ఆగని వాంతులు, ఫిట్స్, లేపినా లేవకపోవడం ఉంటే వాళ్లకీ ఆస్పత్రే.

డాక్టర్ అడిగితే నిజం చెప్పండి. ఈ మొత్తం రాసింది ఈ ఒక్క వాక్యం కోసమే అనుకున్నా నాకేం అభ్యంతరం లేదు. ఆ రాత్రి మావాళ్లు చెప్పకుండా ఉన్నది గంటన్నర. ఆ గంటన్నరలో ఒక మంచి డాక్టర్ లేని గుండెపోటు కోసం వెతికాడు.

కేసవుతుందేమోనని భయం ఉంటుంది, అది ఉత్త భయమూ కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొస కలవని ఉత్త ఆకుని, గింజని ఆ నిర్వచనం వదిలేసింది. ఆ సందులోంచే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో సర్కారు లైసెన్సుతో భంగ్ దుకాణాలు నడుస్తున్నాయి. 2022లో కర్ణాటక హైకోర్టు కూడా 29 కిలోల భంగ్ కేసులో ఒకతనికి బెయిలిస్తూ ఈ మాటే చెప్పింది. దీన్ని పట్టుకుని మన కుర్రాళ్లు ‘అది ఆకే కదా’ అంటారు. కానీ గోలీలో ఆకే ఉందని ఎవరు చెప్పాలి? ల్యాబ్ చెప్పాలి. దానికి నెలలు పడతాయి, ఆ నెలలు మనిషి ఎక్కడుంటాడు? పూమొగ్గ గానీ చరస్ గానీ కలిసిందని తేలితే ఆ మిశ్రమం మొత్తం చట్టం కిందకొస్తుంది. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట తేల్చింది: మత్తు పదార్థంలో కలిపిన ఇతర సరుకు బరువు కూడా లెక్కలోకి వస్తుంది. అంటే గోలీలోని బెల్లం, చక్కెర బరువు కూడా నీ మీద తూకం వేస్తారు. ‘ఆకే కదా’ అన్న కుర్రాడికి ఈ తూకం గురించి చెప్పి చూడండి.

మన హైవే సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఏజెన్సీ నుంచి గంజాయి దిగే దారుల్లో ఇదీ ఒకటి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోలు ఒకేచోట తగలబెట్టారు. ఆ దారిలో లారీ నడిపేవాడి జేబులో చాక్లెట్ రేకు దొరికితే ఎవరూ దాన్ని హాజ్మా దవా అనుకోరు. అలవాటులో ఇరుక్కుని బయటపడాలనుకునేవాళ్లకి మాత్రం అదే చట్టంలో ఒక తలుపుంది. 64ఏ అనే సెక్షన్. కొద్ది మొత్తంతో, లేదా వాడినందుకు కేసులో ఉన్న మనిషి తనంతట తానే సర్కారు గుర్తించిన చోట ఇలాజ్‌కి వెళ్తే శిక్ష నుంచి మాఫీ ఉంటుంది. వ్యసనం మాన్పించే సలహాకి కేంద్రం ఫోన్ నంబర్ 14446. మన రాష్ట్రంలో అమ్మేవాళ్ల మీద ఫిర్యాదు చేయాలంటే ఈగల్ విభాగం నంబర్ 1972.

ఇక మజ్‌హబ్ మాట. నేను ఆలిమాను కాను. ఇది నిన్నమొన్నటి సవాల్ కాదని మాత్రం చెప్పగలను. హషీష్ షరాబ్‌లా మత్తెక్కించేదా లేక అఖల్‌ని చెడగొట్టేది మాత్రమేనా, దానికి శిక్ష ఏ లెక్కలో వేయాలి అని ఏడువందల ఏళ్ల కిందటే ఫఖీహ్‌లు తర్జనభర్జన పడ్డారు. డమాస్కస్‌లో ఇబ్న్ తైమియా గట్టిగా హరామ్ అన్నాడు. కైరోలో జర్‌కషీ దీని మీద ఒక కితాబే రాశాడు. చర్చ సాగింది శిక్ష గురించి, పేరు గురించి. తినొచ్చని తేల్చడానికి సాగిన చర్చ కాదది. మన ఉర్సుల్లో చిలుము పట్టే మలంగుల్ని చూసి ‘వాళ్లు చేస్తున్నారుగా’ అనేవాళ్లకి ఇది తెలిస్తే మంచిది. అయితే మౌల్వీ సాబ్ బయాన్‌లో హరామ్ అన్న మాట దగ్గర మనం ఆగిపోతున్నాం. హరామ్ అని తెలిసిన ఇంట్లోనే ఆ రాత్రి ఎవరూ నోరు విప్పలేదు. జుమా తర్వాత రెండు నిమిషాలు ‘తిన్నవాడిని ముందు దవాఖానాకి తీసుకెళ్లండి, తిట్టడం తర్వాత’ అని కూడా చెబితే ఎవరి ఈమాన్ తగ్గిపోదు. మా మొహల్లా మసీదులో ఇమామ్ సాబ్‌ని అడిగాం. ఆయన ఒప్పుకున్నారు, చెప్పారు కూడా. కొందరు పెద్దలు మొహం చిట్లించారు.

ఇంకొక్క సంగతి, గల్ఫ్ దారి పట్టేవాళ్ల కోసం. కోనసీమలో ఏ వీధిలోనైనా కువైట్‌లోనో, ఖతర్‌లోనో ఒక మనిషి లేని ఇల్లు తక్కువ. 2019లో ముంబయి నుంచి ఖతర్ వెళ్లిన కొత్త జంట ఒకటి ఉంది. చుట్టం ఇచ్చిన పొట్లంలో జర్దా ఉందనుకుని మోసుకెళ్లారు. దోహా ఎయిర్‌పోర్టులో విప్పితే 4 కిలోల చరస్. పదేళ్ల జైలు వేశారు. అమ్మాయి గర్భిణి, బిడ్డ జైల్లోనే పుట్టింది. వాళ్లకి తెలియకుండా జరిగిందని మన నార్కోటిక్స్ బ్యూరో తేల్చి, అక్కడి కోర్టు మళ్లీ విచారించి, 2021లో నిర్దోషులుగా ఇంటికొచ్చారు. అంత అదృష్టం అందరికీ ఉండదు.

మా భాంజా పోయిన నెల కువైట్ వెళ్లాడు. వెళ్లే ముందు రాత్రి ముమానీ అతని బ్యాగు మొత్తం దస్తర్‌ఖానా మీద బోర్లించింది. పక్కింటివాళ్లు వాళ్లబ్బాయికిమ్మని ఇచ్చిన మిఠాయి డబ్బా తిరిగి పంపించేసింది, వాళ్లు బాధపడినా సరే. గసగసాల పొట్లం తీసేసింది, గల్ఫ్‌లో కొన్నిచోట్ల అది కూడా మత్తు సరుకు కిందే లెక్క. నానీ కాలం నాటి మాజూన్ సీసా ఒకటి అమ్మీ ప్రేమగా పెట్టింది, నడుము నొప్పికి. దాన్ని వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూసి, ‘ఇందులో ఏమీ లేదని నాకు తెలుసు, అక్కడ పోలీసుకి తెలియాలిగా’ అని పక్కన పెట్టింది. ఆవకాయ సీసా మూత ఇంకాస్త బిగించి, రెండు పాలిథిన్ కవర్లు చుట్టి, మళ్లీ లోపల పెట్టింది.